సందేహాలు – సమాధానాలు: ‘ఒక్కదాన్నే’ అన్న మేస్త్రీ

సందేహం: మా దేవరకొండలో ఏడెనిమిది మందిమి నెలకోసారి కూర్చుని పుస్తకాలు చదువుకుంటాం. ఈసారి మాలో ఒకాయన రాస్తున్న నవల రాతప్రతి చదివాం. కథంతా ‘నేను’ అంటూ ప్రథమ పురుషలో నడుస్తుంది. ఆ ‘నేను’ పాలమూరు నుంచి గుంపును వెంటేసుకుని డ్యాము పనులకు, కాలువ పనులకు తిరిగే మేస్త్రీ. 43వ పేజీలో ఒక్క మాటతో ఆ మేస్త్రీ ఆడమనిషి అని తేలింది. మాలో సగం మంది ‘ఇది పాఠకుణ్ణి మోసం చేయడం, తెలుగు వ్యాకరణం దీన్ని ఒప్పుకోదు’ అన్నారు. నిజంగా ఒప్పుకోదా? సమీక్ష రాయాల్సి వస్తే ఈ ‘నేను’ను కథకుడు అనాలా, కథకురాలు అనాలా? రాతప్రతిలోని కొన్ని వాక్యాలు కూడా పంపుతున్నాను.

సమాధానం: ముందు ఒక చిన్న సవరణ. ‘నేను’ అని చెప్పే కథ ప్రథమ పురుషలో ఉన్నట్టు కాదు. మన వ్యాకరణంలో ‘వాడు, ఆమె, అది’ ప్రథమ పురుష; ‘నువ్వు, మీరు’ మధ్యమ పురుష; ‘నేను, మేము, మనం’ ఉత్తమ పురుష. ఇంగ్లీషు లెక్క దీనికి తలకిందులు. ‘ఫస్ట్ పర్సన్’ను మాటకు మాట దించుకుని ‘ప్రథమ పురుష’ అనేసేవాళ్లు చాలామందే ఉన్నారు, సమీక్షలు రాసేవాళ్లతో సహా. ఇంకోటి, ఈ ‘పురుష’కూ మగవాడికీ ఏ సంబంధమూ లేదు. మీ బృందంలో జరిగిన గొడవ చూశాక ఈ మాట కూడా చెప్పి పెట్టడం మంచిదనిపించింది.

ఇక అసలు సంగతి. ‘నేను వచ్చాను’ అన్నది ఎవరు? మగా, ఆడా, ముసలా, పిల్లా, ఎద్దా, వాకిట్లో చింతచెట్టా? ఆ క్రియను ఎంత పిండినా జవాబు రాదు. నల్గొండ పట్నంలో ఉర్దూ మాట్లాడే ఇంటికి వెళ్తే మగవాడు ‘మై ఆయా’ అంటాడు, ఆడమనిషి ‘మై ఆయీ’ అంటుంది. ఆ భాషలో రాసి ఉంటే మీ మిత్రుడు 43 పేజీలు కాదు కదా, నాలుగు వాక్యాలు కూడా గుట్టు దాచలేకపోయేవాడు. తెలుగు క్రియ ‘నేను’ దగ్గర ఆ సంగతే ఎత్తదు. మన దిక్కు మాటలో ఆనవాలు ఇంకా తక్కువ. ‘వచ్చాను’ చివర ‘ను’ అయినా ఉంది, ‘నేను వచ్చిన’లో అదీ రాలిపోయింది.

అయితే తెలుగులో ‘నేను’ ఎక్కడా పట్టుబడదని కాదు. పట్టుబడే చోట్లు వేరే ఉన్నాయి. ‘నేను పేదవాణ్ణి’, ‘నేను పేదదాన్ని’. ‘నేను కొత్తగా వచ్చినోణ్ణి’, ‘కొత్తగా వచ్చినదాన్ని’. తన గురించి తాను ఏదో ఒకటి అనుకునే ఇలాంటి మాట వచ్చిందంటే చివర చాలాసార్లు ‘వాణ్ణి’, ‘దాన్ని’ వచ్చి పడతాయి. వీటన్నిటికంటే నాకు వింతగా తోచేది అంకె. ‘ఒకటి’ అన్న అంకె మనిషి మీద వాలగానే ‘ఒక్కడు’, ‘ఒక్కతె’ అయిపోతుంది. ‘నేను’తో కలిస్తే ‘ఒక్కణ్ణి’, ‘ఒక్కదాన్ని’. ‘ఇద్దరం’ అన్నప్పుడు ఈ పేచీ లేదు. అంటే తెలుగులో మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే ఆడో మగో చెప్పుకోవాల్సి వస్తుంది, పక్కన ఇంకొకరు ఉంటే అక్కర్లేదు.

మీరు పంపిన వాక్యాల్లో మీ మిత్రుడు పట్టుకున్నది సరిగ్గా దీన్నే. 9వ పేజీలో ‘నేను ఒంటిగనే కట్ట మీదికి పోయిన’ అని రాశాడు. ‘ఒంటిగ’లో లింగం లేదు. 43వ పేజీకి వచ్చేసరికి ‘ఆ రాత్రి గుడిసెల కాడ నేనొక్కదాన్నే మేల్కొని ఉన్న’ అన్నాడు. అదే ఒంటరితనం, మాట మారింది. గుంపులో నలభై మంది నిద్రపోతుంటే, తెల్లారితే కూలి డబ్బులు ఎట్లా సర్దాలా అని కూర్చున్న మనిషి నోట ఆ మాట రావడం నాకు నచ్చింది. పాఠకుణ్ణి అదరగొట్టడానికి తెచ్చిపెట్టినట్టు లేదు.

అందుకని వ్యాకరణం దీన్ని ఒప్పుకోదనడం కుదరదు. మరి మేస్త్రీ మగవాడని మీకు ఎవరు చెప్పారు? ‘మేస్త్రీ’ అన్న మాట చివర ‘డు’ లేదు. డ్రైవర్, కండక్టర్, సర్పంచ్, రైతు, వీటికీ లేదు. అయినా బస్సులో ‘లేడీ కండక్టర్’ అంటాం, ‘మగ కండక్టర్’ అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సర్పంచ్ పదవుల్లో సగం ఆడవాళ్లవే, అయినా వార్తల్లో ఆమె ‘మహిళా సర్పంచ్’, ఆయన ఉత్త ‘సర్పంచ్’. పొలం పని అంతా చేసే ఆమె ‘మహిళా రైతు’. మాటలో లేని ‘డు’ను మనమే తగిలిస్తున్నాం.

ఇది ఎదురు దిక్కు నుంచి కూడా పనిచేస్తుంది. ఆ నవల మొదటి పేజీలో ‘పొద్దంత వంగి నాటేసిన, నడుము పట్టేసింది’ అని ఉంటే ఏమయ్యేది? మీ ఏడెనిమిది మందీ అది ఆడమనిషి అని వెంటనే తేల్చేసేవాళ్లు. ఆ వాక్యంలోనూ లింగం లేదు. నాటేసేది ఆడవాళ్లు, గుంపును నడిపేది మగవాళ్లు అన్నది మనం ఊళ్లో చూసి నేర్చుకున్నాం, వ్యాకరణంలో చదువుకోలేదు. ఆ తరవాత 43వ పేజీలో ‘ఒక్కణ్ణే’ అని వచ్చి ఉంటే ‘మోసం’ అనేవాళ్లా, నవ్వి ఊరుకునేవాళ్లా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. మీ మిత్రుల్ని అడిగి చూడండి.

ఇంకో వాక్యం గురించి చెప్పకుండా ఉండలేను, అది నవల మొదటి వాక్యమే. ‘పొద్దుగూకినంక మేం ఊళ్లెకు పోయి దొర ఇంటి ముందర నిలబడ్డం.’ వీళ్లు ఉండేదీ ఆ ఊళ్లోనే, రేషన్ కార్డు మీద ఉన్నదీ ఆ ఊరి పేరే. మరి ‘ఊళ్లెకు పోవడం’ ఏమిటి? హైదరాబాదులో పుట్టి పెరిగిన పాఠకుడు వేరే ఊరికి ప్రయాణమయ్యారేమో అనుకుంటాడు. నల్గొండ, పాలమూరు పల్లెలు తెలిసిన వాళ్లకు మాత్రం వీళ్లు వాడ మనుషులని అక్కడే అర్థమైపోతుంది. ఊరు వేరు, దళితులు ఉండే వాడ వేరు. ‘ఊరంతా కదిలొచ్చింది’ అని మనం ధారాళంగా రాసేస్తాం, అందులో వాడ ఉందో లేదో ఎవరూ అడగరు. పైగా ఆయన ‘మనం’ అనలేదు, ‘మేం’ అన్నాడు. చదివే మిమ్మల్ని, నన్ను ఆ గుంపులో కలుపుకోలేదు. మీ బృందంలో కులం మొదటి వాక్యంలోనే అందరికీ తెలిసిపోయినట్టుంది, అది దాచి చెప్పాడని గానీ ముందే చెప్పేశాడని గానీ ఎవరూ గొడవ పడలేదు. ఆడమనిషి అనేసరికే టెన్షన్ వచ్చింది.

ఇక్కడ కొంచెం పాత వ్యాకరణం చెప్పుకోవాలి. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి నామవాచకాలను మహత్తు, మహతి, అమహత్తు అని విడదీశాడు. మగవాళ్లను చెప్పేవి మహత్తు, ఆడవాళ్లను చెప్పేవి మహతి, పశుపక్ష్యాదులు, ప్రాణం లేనివి అమహత్తు. మహతికి విడిగా క్రియ లేదు. ఒక్కతిగా ఉంటే అమహత్తుతో పోతుంది, పదిమందిగా ఉంటే మహత్తుతో పోతుంది. ఆమె వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది. అదే ఆడవాళ్లు వచ్చారు, బర్రెలు వచ్చాయి. మక్తల్, నారాయణపేట దిక్కు కన్నడం మాట్లాడేవాళ్లను అడగండి, వాళ్లకు ఆమె ‘బందళు’, బర్రె ‘బంతు’. రెండూ వేరు.

మా నాయిన దగ్గర రాముడు అని ఒక ఎద్దు ఉండేది. అది కుడితి ముట్టకపోతే ఆయన ‘వానికి ఒంట్ల బాగలేనట్టుంది’ అనేవాడు. అదే నోటితో మా మేనత్త గురించి ‘అది పొద్దున్నే కూలికి పాయె’ అనేవాడు. చెల్లెలంటే ఆయనకు ప్రాణం, చులకన చేసి అన్న మాట కాదది. అయినా ఎద్దుకు ‘వాడు’ దక్కింది, మేనత్తకు దక్కలేదు.

ప్రథమ పురుష ఇట్లా మనుషుల్ని ఎక్కడివాళ్లను అక్కడ కూర్చోబెడుతుంది. వాడు, అతను, ఆయన, వారు; అది, ఆమె, ఆవిడ. జీతగాడు ‘వచ్చిండు’, దొర ‘వచ్చిన్రు’. ఉత్తమ పురుషలో ఈ మెట్లు లేవు. దొరా ‘నేను వచ్చిన’ అంటాడు, జీతగాడూ అంటాడు, మా మేనత్తా అంటుంది. ఎప్పుడూ ‘అది’ అనిపించుకున్న మనిషికి కథ చెప్పే పని అప్పగిస్తే 42 పేజీల దాకా ఆమెను ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో మీకు తెలియలేదు. తెలియక, మగ మేస్త్రీకి ఇచ్చే మర్యాద ఇచ్చేశారు. మీ మిత్రుడు కావాలనే చేసిన పని ఇదైతే బాగానే చేశాడు.

‘సగం మంది’ వైపు కూడా ఒక న్యాయం ఉంది. 42 పేజీల్లో ఈమెను ఎవరూ పిలవలేదా? గుంపులో ఉండేది సగం చుట్టాలే. అక్కా, వదినా, పెద్దమ్మా అని ఎవరో ఒకరు అనకుండా ఉంటారా? మీరు పంపిన సంభాషణలో అందరూ ‘మేస్త్రీ, మేస్త్రీ’ అని పిలుస్తున్నారు. కాంట్రాక్టర్ మనిషి అట్లా పిలిస్తే నమ్మొచ్చు, పక్క గుడిసె పిల్ల పిలిస్తే అతకలేదు. అది వ్యాకరణ దోషం కాదు, రాతలో దొర్లిన లోపం.

కథకుడా, కథకురాలా అన్నారు. సేవకుడు–సేవకురాలు లాగా కథకురాలు సరైన మాటే. కాకపోతే తెలుగులో ‘కథకుడు’ అనగానే కథలు రాసే ఆయన గుర్తొస్తాడు, నవలలో చెప్పే పాత్ర కాదు. ఆ గందరగోళం ఎందుకు? సమీక్షలో ‘కథ చెప్పే మనిషి’ అని రాయండి. ‘మనిషి’ మంచి మాట, ‘ఆ మనిషి వచ్చిండు’ అన్నా చెల్లుతుంది, ‘ఆ మనిషి వచ్చింది’ అన్నా చెల్లుతుంది. గుట్టు కూడా బయటపడదు. ఒగ్గు కథలో మగవాడే కొంగు కప్పుకుని ఎల్లమ్మ అవుతాడు, మరుక్షణం కొంగు తీసేసి మళ్లీ కథ చెబుతాడు. చూసేవాళ్లకు అక్కడ ఏ పేచీ లేదు.

చివరగా, మీరు పంపిన వాక్యాల్లో ఒకచోట మాత్రం మోసం నిజంగానే జరిగింది. 17వ పేజీ, కాంట్రాక్టర్‌తో లెక్కల దగ్గర: ‘నేనేం తెలివి తక్కువోణ్ణి కాదు.’ ఆమె తన గురించి అట్లా అనదు, ‘తక్కువదాన్ని’ అంటుంది. గుట్టు దాచే తొందరలో రాసిందో, చెయ్యి అలవాటు కొద్దీ రాసిందో గానీ అది అబద్ధపు వాక్యం. ‘నాకు లెక్కలు రావనుకున్నవా?’ అని మార్చుకొమ్మనండి. గుట్టూ దాగుతుంది, కాంట్రాక్టర్‌కూ గట్టిగా తగులుతుంది.