రోజువారీ పాఠాల పుస్తకం మధ్యలో ఆగిపోతుంటే

ఏ రోజు అనుభవం నుంచి నేర్చుకున్న పాఠాన్ని ఆ రోజే ఒక పుస్తకంలో రాత్రి పడుకునే ముందు రాస్తున్నానని, పది రోజులకే ఆగిపోతోందని మీరు అన్నారు. లోపం మీ పట్టుదలలో లేదండి, ఎంచుకున్న వేళలో ఉంది. రాత్రికి ఒళ్లు అలసిపోతుంది. నేను అమీర్‌పేటలో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగేలోపు రాసేస్తాను. మూడే వాక్యాలు: ఏమి జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ ఎదురైతే ఏమి చేస్తాను. "ఓపిక పట్టాలి" వంటివి రాయకండి, అవి ఎందుకూ పనికిరావు. "కొటేషన్ పంపే ముందు జీఎస్టీ శాతం సరిచూడాలి" అని రాయండి. ఆ పొరపాటు నేను రెండుసార్లు చేశాను, రాసుకున్నాక చేయలేదు.

నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా చెరిగిపోతుందని 1885లోనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు. కాబట్టి ఆదివారం ఉదయం ఆ వారం పేజీలు తప్పక తిరగేయండి. తప్పిన రోజులను పూరించాలని మాత్రం కూర్చోకండి, ఈరోజు తేదీ వేసి మొదలుపెట్టండి.