పాఠకుల ప్రశ్నలు: ఫ్లైట్ సిమ్యులేటరుకు మూడు మానిటర్లు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో రెండు పడకగదుల ఫ్లాటులో ఉంటున్నాము. ఎక్స్-ప్లేన్ 12 అనే ఫ్లైట్ సిమ్యులేటరులో సెస్నా 172 అనే చిన్న విమానంతో జక్కూరు ఏరోడ్రోము చుట్టూ సర్క్యూట్లు (ఎగిరి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అదే రన్‌వేమీద దిగడం) తిరగడం నాకూ మా అబ్బాయికీ సరదా. ఇన్నాళ్లూ ఒక్క 27 అంగుళాల క్యూహెచ్‌డీ (2560×1440 పిక్సెళ్ల) మానిటరుతో నెట్టుకొచ్చాను. ఈమధ్య ఎస్.పి. రోడ్డులో అదే మోడలువి మరో రెండు కొని, గ్రాఫిక్స్ కార్డు డ్రైవరులోని సరౌండ్ సదుపాయంతో మూడింటినీ ఒకే తెరగా కలిపాను. పక్క తెరల్లో భవనాలు సాగదీసినట్టు కనిపిస్తున్నాయి, ఫ్రేమ్ రేటు (సెకనుకు గీసే చిత్రాల సంఖ్య) బాగా పడిపోయింది. లోపం కార్డుదా, మానిటర్లదా?

జవాబు: రెండింటిదీ కాదు. సరౌండ్‌తో కలిపినప్పుడు సిమ్యులేటరుకు కనిపించేది మూడు తెరలు కాదు, ఎదురుగా చదునుగా పరిచిన ఒక వెడల్పాటి తెర. చదును తలంమీద దృశ్యాన్ని గీసేటప్పుడు మధ్యనుంచి పక్కకు పోయేకొద్దీ ఒకే కోణానికి ఎక్కువ వెడల్పు పడుతుంది. మధ్యనుంచి 60 డిగ్రీల పక్కన ఉన్న వస్తువు, అంతే దూరంలో ఎదురుగా ఉన్నదానికంటే నిలువుగా రెండు రెట్లు, అడ్డంగా నాలుగు రెట్లు పెద్దదిగా పడుతుంది. మీకు కనిపిస్తున్న సాగుదల అదే.

కాబట్టి సరౌండ్‌ను తీసివేసి, మూడు మానిటర్లనూ విండోస్‌కు విడివిడిగా కనిపించనివ్వండి. ఎక్స్-ప్లేన్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఒక్కొక్క మానిటరుకూ పూర్తి తెర దృశ్యాన్ని కేటాయించి, దానికి ఎంత వీక్షణ కోణం, మధ్యనుంచి ఎన్ని డిగ్రీల పక్కకు అన్నవి వేరువేరుగా ఇవ్వవచ్చు. ఈ అంకెలను కంటికి నచ్చేదాకా అటూ ఇటూ జరుపుతూ కూర్చోవడం వృథా శ్రమ. టేపు తీసుకొని కొలవండి. 27 అంగుళాల మానిటరులో కనిపించే వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. మీ కన్ను తెరకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కొక్క తెర 53 డిగ్రీలను ఆక్రమిస్తుంది. 75 సెంటీమీటర్లకు జరిగితే 44 డిగ్రీలే. మొదటి కొలతే తీసుకుంటే, మూడు తెరలకూ వీక్షణ కోణం 53, ఎడమ తెరకు పక్క మళ్లింపు మైనస్ 53, కుడిదానికి ప్లస్ 53. రెండు తెరల మధ్య నల్లటి అంచులు కలిపి రెండు సెంటీమీటర్లు ఉంటే మళ్లింపును 55 దాకా పెంచాలి.

చాలామంది తడబడేది ఇక్కడే: సెట్టింగులో 53 అని వేసి, బల్లమీద పక్క మానిటర్లను 30 డిగ్రీలు మాత్రమే తిప్పి ఉంచుతారు. అంకె ఎంతో, బల్లమీది వంపూ అంతే ఉండాలి. అన్ని మానిటర్ల నడిమి భాగమూ మీ కంటికి సమదూరంలో, ఒకే ఎత్తులో ఉండాలి. సరిచూడడానికి విమానాన్ని రన్‌వేమీద ఏటవాలుగా నిలిపి, రన్‌వే అంచు గీత మధ్య తెరనుంచి పక్క తెరలోకి విరగకుండా పోతోందేమో చూడండి. ఈ అమరిక మీరు కూర్చున్న చోటుకు మాత్రమే సరిపోతుంది గనుక, పక్కన కుర్చీ వేసుకున్న మీ అబ్బాయికి గీత విరిగే కనిపిస్తుంది. ఇంకో లాభం ఏమిటంటే, బారుగా పేరిస్తే ఆరడుగులు పట్టే మూడు మానిటర్లు ఇలా వంచినప్పుడు నాలుగున్నర అడుగుల బల్లమీద సర్దుకుంటాయి.

ఇక ఫ్రేమ్ రేటు. మూడు క్యూహెచ్‌డీ తెరలంటే సుమారు 1 కోటి 10 లక్షల పిక్సెళ్లు. ఒక 4కే తెరకు 83 లక్షలే. పైగా విడివిడి దృశ్యాలుగా పెట్టినప్పుడు ఎక్స్-ప్లేన్ పరిసరాలను తెరకొకసారి గీయాలి కాబట్టి ప్రాసెసరుమీదా భారం పడుతుంది. కొత్త కార్డుకు డబ్బు పెట్టేముందు భవనాలూ చెట్ల సాంద్రతనూ, తర్వాత నీడలనూ తగ్గించి చూడండి. సెకనుకు 20 ఫ్రేములకంటే దిగితే ఎక్స్-ప్లేన్ సిమ్యులేషన్ కాలాన్నే నెమ్మదింపజేస్తుంది. అప్పుడు ల్యాండింగు అలవాటంతా తప్పుడు వేగానికి పడుతుంది.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. మూడు తెరలను ఇలా పేరిస్తే అటూ ఇటూ దాదాపు 80 డిగ్రీలు కనిపిస్తాయి. ఎడమచేతి సర్క్యూట్‌లో డౌన్‌విండ్‌మీద, అంటే రన్‌వేకు సమాంతరంగా, దిగే దిశకు ఎదురుదిశలో వెళుతూ రన్‌వే మొదలును దాటేటప్పుడు అది సరిగ్గా 90 డిగ్రీల ఎడమన ఉంటుంది. బేస్‌కు, అంటే రన్‌వేకు అడ్డంగా సాగే తర్వాతి భాగానికి, తిరగవలసిన వేళకు రెక్క వెనక 45 డిగ్రీలకు, అంటే ముక్కునుంచి 135 డిగ్రీలకు చేరుతుంది. మీరు ముఖ్యంగా చూడవలసిన చోటే తెర ఉండదన్నమాట. సర్క్యూట్లే మీ ఆటైతే, అందం చూసుకోకుండా కుడి మానిటరును కూడా ఎడమకే మార్చమంటాను. మైనస్ 53, మైనస్ 106 మళ్లింపులతో ఎడమన సుమారు 132 డిగ్రీలదాకా కనిపిస్తుంది. కుడివైపు ఖాళీ వెలితిగా తోస్తుంది, అప్పుడప్పుడూ కుడిచేతి సర్క్యూట్ వస్తే ఇబ్బందే. అయినా నా ఓటు దీనికే. గది తలుపు ఎటు తెరుచుకుంటుందో మాత్రం ముందే చూసుకోండి.

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో ఉంటాను. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024కు నా దగ్గర 24 అంగుళాల మానిటర్లు రెండు ఉన్నాయి. బయటి దృశ్యాన్ని రెండింటిమీదా పరచవచ్చునా?

జవాబు: పరచవచ్చు గాని వద్దు. రెండు మానిటర్ల అంచులు కలిసే నల్లటి పట్టీ సరిగ్గా మీ ముక్కుకు ఎదురుగా, అంటే దిగేటప్పుడు రన్‌వే ఉండే చోటనే పడుతుంది. బయటి దృశ్యాన్ని ఒక్క తెరకే ఉంచి, కుడి ఆల్ట్ కీ నొక్కిపట్టి కాక్‌పిట్‌లోని ఏదైనా డిస్‌ప్లేను క్లిక్ చేస్తే అది విడి కిటికీగా బయటికి వస్తుంది. దాన్ని రెండో తెరకు లాక్కొని, ఆ మానిటరును మొదటిదాని కింద కాస్త వెనక్కి వాల్చి పెట్టుకోండి. పక్కకు చూడడానికి ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఒక మామూలు వెబ్ కెమెరా చాలు. తల కొద్దిగా తిప్పితే దృశ్యం బాగా తిరుగుతుంది.