గ్రాఫీన్‌ని తడిమే సూది

ప్రశ్న: గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ రేకే కదా, అందులో ఎలక్ట్రాన్ల సంగతి స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్‌కి ఎలా తెలుస్తుంది సార్? ఫొటో తీస్తుందా? – ఓ ఎమ్మెస్సీ విద్యార్థిని

జవాబు: ఫొటో కాదమ్మా, తడిమి చూడటం లాంటిది. చాలా సన్నటి లోహపు సూదిని గ్రాఫీన్‌కి నానోమీటరు లోపు దూరంలోకి తెచ్చి కాస్త వోల్టేజి పెడితే, సూది తగలకుండానే ఎలక్ట్రాన్లు మధ్య ఖాళీని దాటేస్తాయి. దూరం 0.1 నానోమీటరు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదో వంతుకి పడిపోతుంది. అందుకే 0.142 నానోమీటర్ల ఎడంలో ఉన్న కార్బన్లు కూడా విడివిడిగా తెలుస్తాయి. గ్రాఫీన్ పొరలు ఒకదానిమీదొకటి పేర్చినట్టుండే గ్రాఫైట్ మీద మామూలుగా ఒకటి విడిచి ఒకటే కనిపిస్తుంది, ఒంటి పొర గ్రాఫీన్‌లో మాత్రం తేనెపట్టు గడిలా ఆరూ కనిపిస్తాయి, ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

కానీ అసలు సంగతి ఆ బొమ్మ కాదు. సూదిని ఒకచోట నిలిపి, వోల్టేజి మారుస్తూ కరెంటు ఎంత చురుగ్గా మారుతోందో కొలవాలి. ఏ శక్తి దగ్గర ఎలక్ట్రాన్లకి ఎన్ని స్థానాలున్నాయో దాన్నిబట్టి తెలుస్తుంది. దాన్ని గీతగా గీస్తే గ్రాఫీన్‌లో అది ‘వి’ ఆకారంలో దిగుతుంది, ఎలక్ట్రాన్లకి స్థానాలు అతి తక్కువగా ఉండే ఆ అడుగు చోటే డిరాక్ బిందువు. సిలికాన్ ఆక్సైడ్ మీద పరిచిన గ్రాఫీన్‌లో ఈ బిందువు చోటు చోటుకీ జరుగుతుంది, అంటే వాన వెలిశాక నేల మీద మడుగుల్లా ఎలక్ట్రాన్లు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అదే బోరాన్ నైట్రైడ్ అనే చదునైన స్ఫటికం మీద పరిస్తే ఆ హెచ్చుతగ్గులు బాగా తగ్గుతాయని 2011లో ఈ సూదితోనే చూపించారు.