రాజుగారి గల్లాపెట్టె, మిల్లు పొగగొట్టం: పాఠకుల చరిత్ర సందేహాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఐరోపా చరిత్ర గురించే ఉన్నాయి. అందువల్ల తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఒకదానితో ఒకటి ముడిపడిన ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాను.

ప్రశ్న: పరిశ్రమలు రావడంతో ఐరోపాలో రాచరికాలు కూలిపోయాయని మా పోటీ పరీక్షల నోట్సులో ఉంది. మరి బ్రిటన్‌లో ఇప్పటికీ రాజు ఉన్నాడు కదా? జర్మనీలో ఉక్కు కర్మాగారాలు పెరిగింది చక్రవర్తుల హయాంలోనే కదా? దేన్ని నమ్మాలి?
– ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: మీ అనుమానాన్నే నమ్మండి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి, అంటే మాంచెస్టర్‌లో నూలు మిల్లులు వెలసి నూరేళ్లు దాటిపోయాక కూడా, ఐరోపాలో చెప్పుకోదగ్గ గణతంత్ర రాజ్యాలు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, పోర్చుగల్ మాత్రమే. వాటిలోనూ పోర్చుగల్ తన రాజును సాగనంపి అప్పటికి నాలుగేళ్లే అయింది. తక్కిన దేశాలలో కిరీటాలూ పొగగొట్టాలూ పక్కపక్కనే ఉండేవి. రాజు గల్లాపెట్టె తాళంచెవి ఎవరి చేతిలో ఉందో చూస్తే ఒక్కొక్క దేశం కథ ఎందుకు వేరుగా నడిచిందో చాలావరకు అర్థమవుతుంది.

ఇంగ్లండునే తీసుకోండి. మొదటి ఎలిజబెత్ రాణీ, ఆమె తర్వాత వచ్చిన మొదటి జేమ్స్ రాజూ మాటిమాటికీ పార్లమెంటును డబ్బు అడగడం ఇష్టం లేక, ఉప్పు, గంజిపిండి, పేకముక్కల వంటి సరుకుల మీద గుత్త హక్కులను, అంటే వాటిని ఒక్కరే అమ్ముకునే అధికారాన్ని, తమకు కావలసినవారికి కట్టబెట్టేవారు. గుత్తదారు ధర పెంచేవాడు, జనం తిట్టుకునేవారు, ఖజానాకు కొంత ముట్టేది. 1624లో పార్లమెంటు ఇటువంటి గుత్తలను చట్టం చేసి కొట్టివేసింది గానీ, కొత్త పనితనాన్ని తెచ్చినవాడికి 14 ఏళ్ల వరకు దానిపై హక్కు ఇవ్వవచ్చునని ఒక మినహాయింపు ఉంచింది. రాజుల దురలవాటులోంచి మిగిలిన ఈ చిన్న ముక్కే ఇంగ్లండు పేటెంటు చట్టానికి పునాది అయింది. జేమ్స్ వాట్ 1769లో తన ఆవిరి యంత్రానికి పేటెంటు పొందింది ఈ ఏర్పాటు కిందనే. దానిని 1800 దాకా పొడిగిస్తూ 1775లో ప్రత్యేక చట్టం చేసింది పార్లమెంటు.

అప్పుల కథ ఇంతకన్నా రుచికరమైనది. 1672లో రెండో చార్లెస్ తనకు అప్పులిచ్చిన లండన్ బంగారు వర్తకులకు చెల్లింపులు ఆపేశాడు. సాక్షాత్తూ రాజే ఎగవేస్తే షావుకారు ఎవరికి మొరపెట్టుకుంటాడు? 1688–89లో రెండో జేమ్స్ దేశం విడిచి పారిపోయి, మూడో విలియం గద్దెనెక్కిన తర్వాత, పన్ను వేయాలన్నా శాంతికాలంలో సైన్యాన్ని పోషించాలన్నా పార్లమెంటు సమ్మతి తప్పనిసరి అయింది. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండును స్థాపించినవారు ప్రభుత్వానికి 8 శాతం వడ్డీకి 12 లక్షల పౌండ్లు అప్పిచ్చారు. తీర్చే పూచీ ఇక రాజు మాట మీద కాక పార్లమెంటు విధించే పన్నుల మీద నిలిచింది కనుక అప్పిచ్చేవాడికి ధైర్యం చిక్కింది. 18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అదే ప్రభుత్వానికి 3 శాతానికి అటూ ఇటూగా అప్పు పుట్టేది. 1760లో మూడో జార్జ్ రాచభూముల ఆదాయాన్ని ఖజానాకు వదిలేసి, ఏడాదికి 8 లక్షల పౌండ్ల భరణానికి ఒప్పుకున్నాడు. పొలమంతా కొడుకుల పేర రాసిచ్చి, ఖర్చులకు వాళ్లిచ్చేది పుచ్చుకునే పెద్దాయన స్థితి అది. ఇంటి యజమాని అన్న గౌరవం ఆయనకే ఉంటుంది, సంతకాలు మాత్రం వేరేవాళ్లు పెడతారు.

అయితే ఇదంతా చదివి, పార్లమెంటు గెలిచింది కాబట్టి మిల్లులు వచ్చాయని పరీక్షలో రాయకండి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ సొమ్ము ప్రధానంగా యుద్ధాలకు పోయింది. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్‌లో నీటి బలంతో నడిచే నూలు మిల్లు కట్టినప్పుడు అతని వెనుక నిలిచి పెట్టుబడి పెట్టింది మేజోళ్ల వ్యాపారులు. 1712లో న్యూకొమెన్ ఆవిరి యంత్రం పని మొదలుపెట్టింది బొగ్గుగనిలోని నీటిని తోడడానికి. చవకగా దొరికే బొగ్గు ఇంగ్లండు నేల కింద లేకపోతే, ఎంత మంచి రాజ్యాంగమున్నా ఆ దేశానికి అంత ఆవిరి దక్కేది కాదని నా అభిప్రాయం. రాజు చేతులు కట్టడం వల్ల ఒనగూడిన మేలు పరిమితమైనదే గానీ చిన్నది కాదు: సంపాదించినదాన్ని పైవాడు లాక్కుపోతాడన్న భయం వర్తకుడికి తగ్గింది.

రాజు చేతినుంచి జారిన అధికారం చాలాకాలం భూస్వాముల చేతిలోనే ఉండిపోయిందన్నది కూడా మరవకూడదు. 1832 దాకా మాంచెస్టర్ నగరానికి తనదంటూ ఒక్క పార్లమెంటు సభ్యుడైనా లేడు. ఇళ్లే లేని పాడుబడ్డ దిబ్బ ఓల్డ్ సారమ్‌కు ఇద్దరుండేవారు. 1815లో ఆ భూస్వాములే విదేశీ ధాన్యాన్ని అడ్డుకునే చట్టం చేసుకుని, కూలివాడి రొట్టె ధర తగ్గకుండా చూసుకున్నారు. మిల్లు యజమానులు పోరాడి దాన్ని రద్దు చేయించేసరికి 1846 వచ్చింది. బట్టల మిల్లులలో తొమ్మిదేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదన్న చట్టం 1833లో వచ్చింది. ఇంతకుముందరి చట్టాలకు లేని తనిఖీ అధికారులు దీనికి ఉండడం వల్లనే ఇది కొంతైనా అమలైంది.

ప్రశ్న: మచిలీపట్నం అద్దకం బట్టలను ఇంగ్లండు రాజు నిషేధించాడని మా తాతగారు చెప్పేవారు. ఇది నిజమేనా?
– కలంకారీ పనివారి కుటుంబం నుంచి ఒకరు, పెడన

జవాబు: నిషేధం నిజం, చేసింది పార్లమెంటు. ఈస్టిండియా కంపెనీకి వ్యాపార హక్కు ఇచ్చింది 1600 చివరి రోజున ఎలిజబెత్ రాణి. ఆ కంపెనీ 1611లో మచిలీపట్నంలో కొఠీ తెరిచింది. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకాలు, ఉతికినా రంగు పోని గుణం వల్ల, అక్కడి ఇల్లాళ్లకు ఎంతగా నచ్చాయంటే ఉన్ని, పట్టు నేసేవారు తమ పొట్ట కొడుతున్నారని గగ్గోలు పెట్టారు. 1700లో చేసిన చట్టం భారత, పర్షియా, చైనాల నుంచి వచ్చే అద్దకం బట్టల వాడకాన్ని ఇంగ్లండులో ఆపింది. అద్దకం లేని తెల్లబట్ట మాత్రం వచ్చేది కనుక లండన్ అద్దకందారులు దాని మీద బొమ్మలు వేసి అమ్ముకున్నారు. 1719లో నేతగాళ్లు వీధులలో అద్దకం గౌన్లు వేసుకున్న స్త్రీల మీద పడి బట్టలు చింపేదాకా వెళ్లారు. 1721లో పార్లమెంటు, కొన్ని మినహాయింపులతో, అద్దిన నూలుబట్ట కట్టుకోవడాన్నే నిషేధించింది. పార్లమెంటు చేసిన చట్టాన్ని రాజపీఠం తిరస్కరించడం 1708లో ఆన్ రాణితోనే ఆఖరు. అందువల్ల 1721 నాటికి రాజు సమ్మతి లాంఛనమే. ఆర్క్‌రైట్ కోరిక మీద 1774లో స్వదేశపు నూలుబట్టకు ఈ అడ్డు తొలగించారు.

ఈ నిషేధమే ఇంగ్లండు మిల్లులకు ఊపిరి పోసిందని వాదించేవారు ఫ్రాన్సును కూడా చూడాలి. అక్కడ 14వ లూయీ ప్రభుత్వం ఇంకా ముందే, 1686లో, ఇటువంటి నిషేధాన్నే రాజాజ్ఞగా విధించగా అది 1759 దాకా సాగింది. దొంగచాటు వ్యాపారం పెరిగింది గానీ ఆర్క్‌రైట్ మిల్లు వంటిది అక్కడ ముందు పుట్టలేదు. పైగా ఆ రాజే 1685లో ప్రొటెస్టెంట్ల మత స్వేచ్ఛను రద్దు చేసి, చేయి తిరిగిన పట్టు నేతగాళ్లను ఎందరినో లండన్‌కూ బెర్లిన్‌కూ తరిమాడు.

ప్రశ్న: కార్మికులకు పింఛను మొదట ఇచ్చిన ఘనత జర్మనీ చక్రవర్తిదేనంటారు. రాచరికమే కార్మికులకు మేలు చేసిందని చెప్పవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: ఎందుకిచ్చారో చూస్తే ఆ ఘనత కొంత తగ్గుతుంది. తరువాత జర్మనీని ఏకం చేసిన ప్రష్యా రాజ్యంలో మార్పులు పైనుంచి వచ్చాయి. 1806లో యేనా వద్ద నెపోలియన్ చేతిలో చిత్తుగా ఓడిన తర్వాత, బతికి బట్టకట్టాలంటే పాత ఏర్పాట్లు పనికిరావని రాజోద్యోగులు గ్రహించారు. 1807 శాసనంతో రైతు భూస్వామికి కట్టుబడి ఉండే పద్ధతి రద్దయింది, 1810లో వృత్తి సంఘాల గుత్త సడలింది. అయితే స్వేచ్ఛకు వెలగా చాలామంది రైతులు తమ సాగుభూమిలో మూడోవంతో సగమో దొరకు వదులుకోవలసి వచ్చింది. అలా దొరల కమతాలు పెరిగాయి, భూమి చాలనివారు తరువాతి తరాలలో కూలికి నగరాల దారి పట్టారు. 1834 జనవరి 1న ప్రష్యా నాయకత్వంలో సుంకాల కూటమి అమలులోకి వచ్చి, అనేక జర్మన్ సంస్థానాల నడుమ సరిహద్దు సుంకాలు పోయాయి. ఇంతలో మిల్లు బట్టతో పోటీ పడలేక, కూలి గిట్టక, 1844లో ప్రష్యాలోని సైలీషియా ప్రాంతపు సాలెలు తిరగబడితే ప్రష్యా సైన్యం కాల్పులతో అణచివేసింది.

పింఛను సంగతికి వస్తాను. 1878లో జర్మనీ ఛాన్సలర్ (ప్రధాని) బిస్మార్క్ సోషలిస్టుల సభలనూ పత్రికలనూ నిషేధించాడు. ఒక చేత్తో కొరడా పట్టుకున్నాక రెండో చేత్తో బెల్లం పెట్టాలి కదా: 1883లో అనారోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను వచ్చాయి. అనారోగ్య బీమాకు మూడింట రెండువంతుల చందా కార్మికుడిదే. ప్రమాద బీమా ఖర్చు యజమానులది. పింఛనుకు ఇద్దరూ సమానంగా కడితే ప్రభుత్వం కొంత కలిపేది, అది కూడా 70 ఏళ్లు నిండినవారికి. కాబట్టి చక్రవర్తి ఇచ్చాడనడం కన్నా చక్రవర్తి పేరు మీద ఇచ్చారనడం సబబు. ఆ ఏర్పాటు గట్టిదన్నది మాత్రం ఒప్పుకోవాలి. బ్రిటన్ పింఛను చట్టం చేయడానికి 1908 దాకా పట్టింది. ఓటు విషయంలో ఈ ఉదారత లేదు. ప్రష్యాలో కట్టే పన్నును బట్టి ఓటర్లను మూడు తరగతులు చేసి ఒక్కో తరగతికి సమాన బలం ఇచ్చేవారు. ఉక్కు నగరం ఎస్సెన్‌లో ఒక దశలో మొదటి తరగతి అంతా క్రుప్ కర్మాగారాల యజమాని ఒక్కడే.

ప్రశ్న: మరి రష్యాలో జార్ ఎందుకు నిలవలేకపోయాడు?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: అక్కడ కర్మాగారాలు వేగంగా వచ్చాయి, వాటితోపాటు రావలసినవి రాలేదు. 1861లో రెండో అలెగ్జాండర్ రైతులను దాస్యం నుంచి విడిపించినా, భూమి ధరను 49 ఏళ్ల వాయిదాలలో కట్టమన్నాడు. 1892 నుంచి ఆర్థికమంత్రిగా ఉన్న విట్టె విదేశీ అప్పులతో రైలు మార్గాలు, ఉక్కు పరిశ్రమ పెంచాడు. ఆ అప్పుల భారం ధాన్యం ఎగుమతుల రూపంలో పల్లెల మీద పడింది. ఒకే ఫ్యాక్టరీలో వేలమంది చేరారు గానీ వాళ్లకు చట్టబద్ధమైన సంఘం లేదు, దేశానికి పార్లమెంటు లేదు. 1905 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ కార్మికులు జార్ చిత్రపటాలు పట్టుకుని, ఆయనకే అర్జీ ఇవ్వడానికి వెళ్తే సైనికులు కాల్చారు. తండ్రివంటి రాజు అన్న నమ్మకం ఆ మంచులోనే పోయింది. 1917లో అదే నగరంలో రొట్టె కోసం మిల్లు స్త్రీలు వీధికెక్కినప్పుడు సైనికులు వారితో చేయి కలిపారు.

ప్రశ్న: కోహినూరుకూ పారిశ్రామిక విప్లవానికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సరదాగా అడిగినట్లున్నారు గానీ ఉంది. పల్నాటి వైపు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో పుట్టిందని ఎక్కువమంది నమ్మే ఆ వజ్రం, 1849లో పంజాబు ఆక్రమణ తర్వాత బాలుడైన మహారాజా దలీప్ సింగ్ నుంచి విక్టోరియా రాణికి చేరింది. 1851లో రాణి భర్త ఆల్బర్ట్ పూనికతో లండన్ హైడ్ పార్కులో, అద్దాలూ ఇనుమూ కలిపి కట్టిన భవనంలో, యంత్రాల మహా ప్రదర్శన జరిగినప్పుడు దీన్ని కూడా అక్కడ ఉంచారు. ఒక షిల్లింగు టిక్కెట్టుతో, రైళ్లలో, మిల్లు పనివారితో సహా వచ్చినవారిని లెక్కిస్తే 60 లక్షల సందర్శనలు తేలాయి. యంత్రాలను చూసి ముక్కున వేలేసుకున్న జనం వజ్రాన్ని చూసి పెదవి విరిచారు, గాజుముక్కలా ఉందని. మరుసటి ఏడు ఆల్బర్ట్ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లను రప్పించి మళ్లీ సానపట్టించాడు. 186 క్యారెట్ల రాయి 105కు పైచిలుకుగా తరిగింది. ఆ సాన తిరిగింది ఆవిరి యంత్రంతో.