గెడ్డ గోడ గురించి అమ్మడికి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

విశాఖ మధురవాడలో మీ వీధి వెనుక గెడ్డ, అదే వాననీరు పోయే వాగు, పూడిపోయిందని, వానాకాలంలోగా దానికి గోడ కట్టించమని కోరడానికి ఎమ్మెల్యే గారిని కలవబోతున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ సంగతి మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పి మురిసిపోయాను, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

వినతిపత్రం ఒక పేజీ దాటనివ్వకు. రెండో ప్రతి మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకో. గెడ్డ పూడిక తీయడం విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పని కనుక ముందు జోనల్ కార్యాలయంలో అర్జీ ఇచ్చి, ఆ రసీదు పట్టుకుని వెళ్ళు. ఒంటరిగా వెళ్ళకు.

ఇవన్నీ నీకు తెలిసినవే. నాయకుల ఉపన్యాసాలు వినడం వృథా అని అన్నావట, ఆ మాటకు మాత్రం నాకు కోపం వచ్చింది. వినకపోవడం కంటే సగం వినడం ఎంత చేటో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

నువ్వు పుట్టకముందు, మేము కంచరపాలెంలో అద్దెకుండే రోజుల్లో, మా గెడ్డకు గోడ కావాలని నలభై ఇళ్ళవాళ్ళం సంతకాలు చేసి అప్పటి మా ప్రజాప్రతినిధికి ఇచ్చాము. నెల తిరక్కుండా ఆయన ఒక బహిరంగ సభలో మా గోడ ప్రస్తావన తెచ్చారు. నేను వేదికకు దూరంగా కిళ్ళీకొట్టు పక్కన నిలబడి విన్నాను. "అంచనాలు తయారు చేయమని అధికారులకు చెప్పాము" అన్నది ఆయన మాట. చప్పట్ల హోరులో నా చెవికి సోకింది మాత్రం "గోడ మంజూరైంది" అని. ఆ రాత్రే ఇంటింటికీ వెళ్ళి శుభవార్త చెప్పాను. ఆ తరువాత మళ్ళీ కార్యాలయానికి వెళ్ళి అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అడిగేవారు లేక అంచనాల కాగితం కూడా కదలలేదు. మరుసటి ఏడు అక్టోబరు వాయుగుండానికి గెడ్డ పొంగి, పక్కింటి మామ్మగారి కుట్టుమిషను పెడలు దాకా బురద నిండింది. ఆవిడ తడిగుడ్డతో మిషను తుడుస్తూ, "గోడ వచ్చేసిందన్నావు కదా నాయనా" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ ప్రతినిధి అబద్ధం చెప్పి ఉంటే ఆయనను తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయన సరిగానే చెప్పారు, నేనే తప్పుగా విన్నాను.

అందుకే ఎవరు మాట్లాడినా క్రియాపదం దగ్గర ఆగు. పరిశీలిస్తాము, ప్రతిపాదన పంపాము, పరిపాలనా అనుమతి వచ్చింది, టెండరు పిలిచాము అనేవి వేరువేరు మెట్లు. మన విశాఖ ఉక్కు కర్మాగారం సంగతే చూడు: అది కావాలని 1966లో ఊరు రగిలింది, 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది, జాతికి అంకితమైనది మాత్రం 1992లో. ప్రకటన విని అందరూ ఇళ్ళకు పోయి ఉంటే ఏమయ్యేదో నాకు ఊహించడానికే భయం.

బహిరంగ సభలో అన్న మాట గాలిలో కలిసిపోవచ్చు, శాసనసభలో అన్నది అక్షరాలా రికార్డులో ఉంటుంది. మీ గెడ్డ గురించి సభలో ప్రశ్న వేయమని ఎమ్మెల్యే గారిని అడుగు, మంత్రి జవాబు చేతికి వస్తే అది మీ వీధికి ఆధారం. జవాబు నానితే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఫైలు ఏ బల్ల మీద ఉందో అడుగు. ముప్పై రోజుల్లో చెప్పవలసి ఉంటుంది. ఈ పార్టీ మనిషివా, ఆ పార్టీ మనిషివా అని ఎవరైనా అడిగితే గెడ్డ పక్కన ఉండే మనిషినని చెప్పు. గొంతు పెంచకు తల్లీ, నీకు మీ నాన్న కోపం వచ్చింది.

వెళ్ళే రోజు ముందుగా చెబితే నేనూ వస్తాను. ఏమీ మాట్లాడను. వెనుక కుర్చీలో కూర్చుని, ఆయన అన్న ప్రతి మాట చివర ఏముందో రాసుకుంటాను.

పెదనాన్న