జమైకా నల్ల ఆముదం రాస్తే నా రింగుల జుట్టు పెరుగుతుందా?

మీరు అడిగింది ఇది: రింగుల జుట్టు, ఎన్నేళ్ళయినా భుజాలు దాటడం లేదు, కరేబియన్ ఆడవాళ్ళు వాడే జమైకా నల్ల ఆముదం తెప్పించుకుంటే పెరుగుతుందా, వాళ్ళు ఇంకా ఏమేం చేస్తారు అని. నేను జమైకాలోని మాంటెగో బేలో నాలుగేళ్ళు ఉన్నాను. నాదీ రింగుల జుట్టే, మా అమ్మాయిదీ అంతే. అక్కడ నేర్చుకున్నదే ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మీ ప్రశ్నకు జవాబు. అంత డబ్బు పోసి తెప్పించుకోకండి. నూనె మంచిదే, కానీ వాళ్ళ జుట్టు నిలబడడానికి కారణం వేరే ఉంది. పైగా ఆ నూనెను మన ఊళ్ళలో ఎప్పటినుంచో కాస్తున్నారు.

మేం అద్దెకున్న ఇంటి పై అంతస్తులో ఇంటి ఓనరమ్మ ఉండేవారు. అరవై దాటిన మనిషి. ఇద్దరు మనవరాళ్ళు ఆమె దగ్గరే పెరిగేవారు. మేం దిగిన కొత్తలో ఒక రోజు మా పాపను మెట్ల మీద కూర్చోబెట్టి, ఆరిపోయిన జుట్టులో సన్న దువ్వెన పెట్టి చిక్కు తీస్తున్నాను. పిల్ల ఏడుపు విని ఆమె కిందికి దిగి వచ్చారు. నా చేతిలో దువ్వెన తీసేసుకుని, అందులో ఇరుక్కున్న వెంట్రుకలను ఒక్కొక్కటే లాగి అరచేతిలో పెట్టి చూపించారు. కుదురుతో ఊడిన వెంట్రుకకు ఒక కొసన చిన్న తెల్లటి బొడిపె ఉంటుంది. నా దువ్వెనలో ఉన్నవాటిలో చాలావాటికి అది లేదు. అన్నీ మధ్యలో తెగిన ముక్కలే. "పిల్ల జుట్టు పెరుగుతూనే ఉందమ్మా, నువ్వే విరగ్గొడుతున్నావు" అన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే నిజం. మా అమ్మ నాకు అలాగే దువ్వింది, నేను మా పాపకు అలాగే దువ్వుతున్నాను.

ఇదే అసలు విషయం. ఎవరి జుట్టయినా నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆఫ్రికా మూలాలున్నవాళ్ళ జుట్టు పెరిగే వేగం మన ఆసియా జుట్టుకన్నా తక్కువేనని కొలిచి చూసినవాళ్ళు తేల్చారు. అయినా అక్కడ నడుము దాకా జడలున్న ఆడవాళ్ళను నేను చూశాను. అంటే పెరిగిన కొద్దిపాటినీ వాళ్ళు పోగొట్టుకోరు. మీకు అనుమానంగా ఉంటే, తలకు హెన్నా పెట్టుకునే అలవాటుంటే, రెండు నెలల తర్వాత పాపిడి చూసుకోండి. రంగు లేని కొత్త జుట్టు దాదాపు రెండు సెంటీమీటర్లు కనిపిస్తుంది. పైన అంత వస్తున్నా పొడవు మాత్రం అక్కడే ఆగిందంటే, కింద అంతే విరుగుతోందన్నమాట. రింగుల వెంట్రుకలో ప్రతి మెలికా ఒక బలహీనమైన చోటు. మాడు నుంచి వచ్చే సహజమైన జిడ్డు ఆ మెలికలు దాటుకుని చివరిదాకా జారలేదు. అందుకే మాడు జిడ్డుగా ఉన్నా చివర్లు పీచులా ఎండిపోతాయి.

ఇక శనివారం మధ్యాహ్నాల సంగతి. పై ఇంట్లో ఆ పూట వేరే పని పెట్టుకునేవారు కాదు. రేపు చర్చి, ఎల్లుండి బడి, ఆ రెంటికీ తల ఈ రోజే సిద్ధం కావాలి. ఒక్కో పిల్లకు ఎంత లేదన్నా రెండు గంటలు. రేడియో పెట్టుకుని, పిల్లను కింద కూర్చోబెట్టి, తన మోకాళ్ళ మధ్య తల ఆనించుకుని మొదలుపెట్టేవారు. ముందు కొబ్బరినూనె. ఇంట్లోనే కోరిన కొబ్బరి పాలు పిండి, కాచి తీసిన నూనె. దాన్ని చివర్లకు పట్టించి అరగంట వదిలేసేవారు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలంటులో పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తుందని మన దేశంలోనే చేసిన ఒక పరిశోధన 2003లో వచ్చింది. ఆమెకు ఆ పరిశోధనతో పని లేదు, వాళ్ళ అమ్మ అలా చేసేదంతే.

తర్వాత తలను నాలుగు భాగాలుగా, ఒత్తు జుట్టయితే ఎనిమిదిగా విడదీసి పిన్నులు పెట్టేవారు. ఒక భాగం విప్పడం, నీళ్ళు చిలకరించడం, చేతినిండా కండిషనర్ పట్టించడం, ముందు వేళ్ళతో చిక్కు విడదీయడం, ఆ తర్వాతే పెద్ద పళ్ళ దువ్వెన. ఆ దువ్వెన కూడా కొసల నుంచి మొదలై కొంచెం కొంచెంగా పైకి వెళ్ళేది. మనం పైనుంచి కిందికి ఈడుస్తాం కదా, దాంతో చిక్కులన్నీ కిందికి జారి ఒక్కచోట ముడిపడతాయి. షాంపూ మాడుకు మాత్రమే, నురుగు జారిపోతూ చివర్లను కడిగితే చాలు. తువ్వాలుతో రుద్దడం అసలు లేదు, పాత కాటన్ టీషర్టుతో అద్దేవారు.

తల తడిగా ఉండగానే కలబంద గుజ్జు. కలబందను జమైకాలో సింకిల్ బైబిల్ అంటారు, దాదాపు ప్రతి పెరట్లోనూ ఉంటుంది. మందారం కూడా కొందరు వాడతారు. మందార పువ్వుకు అక్కడ షూబ్లాక్ అని పేరు, బూట్లకు మెరుపు రావడానికి దాంతో రుద్దేవారట. మందారాకు నూరి తలకు పెట్టుకున్న చేతులకు ఆ పేరు వినగానే ఎంత దగ్గరితనం అనిపించిందో చెప్పలేను. ఆ గుజ్జు మీద, అన్నింటికన్నా ఆఖరున, మీరు అడిగిన నల్ల ఆముదం. అది కూడా రెండు చుక్కలు అరచేతిలో రుద్ది కొసలకు, నుదుటి అంచుకు రాయడం. తడి లోపల ఉండాలి, నూనె మూతలా పైన ఉండాలి. పొడి జుట్టుకు నూనె రాస్తే నూనె ఉంటుంది కానీ తడి ఎక్కడి నుంచి వస్తుంది అనేవారు ఆమె.

చివరికి జడలు. తలకు అంటుకుని సాళ్ళుగా సాగే సన్న జడలను అమెరికాలో కార్న్ రోస్ అంటారు, కరేబియన్‌లో కేన్ రోస్. మొక్కజొన్న సాళ్ళు కాదు, చెరకు సాళ్ళు. ఆ దీవులకు ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా తెచ్చింది ఎక్కువగా చెరకు తోటల కోసమే కాబట్టి ఆ పేరు అక్కడి మట్టిలోంచి వచ్చినదే. జడలు లేని రోజుల్లో రాత్రి పూట పిల్లల జుట్టును చిన్న చిన్న ముడులుగా చుట్టేవారు, వాటిని చైనీ బంప్స్ అంటారు. బడికి మాత్రం జడలు, రిబ్బన్లు. సోమవారం పొద్దున యూనిఫాంలో జడలకు రిబ్బన్లు కట్టుకుని వెళ్ళే ఆ పిల్లల్ని చూస్తే నాకు మా ఊరి జిల్లా పరిషత్ బడి గుర్తొచ్చేది. అలా వేసిన జడలు వారం, పది రోజులు విప్పరు. రోజూ దువ్వరు. మధ్యలో నీళ్ళ స్ప్రే, కొసలకు కాస్త నూనె. పడుకునే ముందు తలకు శాటిన్ గుడ్డ. నూలు దిండు గలీబు రాత్రంతా జుట్టును రాపాడి, ఉన్న తడిని పీల్చేస్తుంది.

నల్ల ఆముదం గురించి. దాన్ని చేసే పద్ధతి ఓనరమ్మ నాకు చెబుతుంటే మా నాయనమ్మ కళ్ళ ముందు కనిపించింది. గింజలను బాగా వేయిస్తారు, రోట్లో దంచుతారు, ఆ ముద్దను నీళ్ళలో వేసి కట్టెల పొయ్యి మీద గంటల తరబడి ఉడికిస్తారు. పైకి తేలిన నూనెను గరిటెతో తీసుకుని, తడి పోయేదాకా మళ్ళీ కాస్తారు. మాది నల్గొండ వైపు. మా చేల గట్ల మీద ఆముదాలు పండేవి. మా నాయనమ్మ అచ్చం ఇలాగే తీసేది. దాన్నే మనం వంటాముదం అంటాం, పేరులోనే వంట ఉంది. గింజను గట్టిగా వేయించడం వల్ల ఆ ముదురు రంగు, పొగ వాసన వస్తాయి. జమైకాలో ఇంకాస్త మాడ్చి, ఒక్కోసారి ఆ బూడిదతో సహా ఉంచుతారు కాబట్టి మరింత నల్లగా ఉంటుంది. హైతీలోనూ ఇదే నూనె, అక్కడ దాన్ని ల్విల్ మస్క్రిటి అంటారు. మిషన్లో చల్లగా పిండి, శుభ్రం చేసి సీసాల్లో అమ్మే లేత పసుపు ఆముదం వేరు. (వంటాముదం ఇంట్లో కాయాలనుకుంటే గింజలను పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచండి. పచ్చి గింజ, పిండి తీసిన చెక్క విషం.)

ఆముదం రాస్తే కొత్త జుట్టు మొలుస్తుందని గట్టిగా చెప్పే పరిశోధన లేదు. అది చాలా చిక్కగా ఉండి తడిని పట్టి ఉంచుతుంది, విరగడం తగ్గుతుంది, విరగడం తగ్గితే పొడవు కనిపిస్తుంది. ఆ నూనెకున్న పేరంతా ఇలా వచ్చిందేనని నా నమ్మకం. మన జుట్టుకు దాన్ని నేరుగా కుమ్మరించడం ప్రమాదం కూడా. చిక్కటి ఆముదం రాసుకుని తలంటుకున్న ఒక అమ్మాయి పొడవాటి జుట్టు మొత్తం విడదీయరాని ఉండలా గట్టిపడి, చివరికి కత్తిరించాల్సి వచ్చిన సంగతి 2017లో మన దేశపు వైద్య పత్రికలో వచ్చింది. అందుకే నేను ఒక వంతు ఆముదానికి మూడు వంతులు కొబ్బరినూనె కలుపుతాను.

అక్కడివాళ్ళు చేసేదంతా మంచిదేనని అనుకోకండి. నేనే దెబ్బ తిన్నాను. ఒక పండగకు ముచ్చటపడి సెలూన్‌లో విడి జుట్టు కలిపి సన్న జడలు అల్లించుకున్నాను. అల్లేటప్పుడే కణతలు లాగేసి, నుదురు మీద చిన్న చిన్న పొక్కులు లేచాయి. రెండు రోజులకు సర్దుకుంటుందన్నారు. నేను ఆరు వారాలు ఉంచుకున్నాను. విప్పాక రెండు చెవుల పక్కా జుట్టు పలచబడి చర్మం కనిపించింది. మళ్ళీ నిండడానికి ఏడాది పైన పట్టింది. ఓనరమ్మ నన్ను తిట్టలేదు, తన నుదుటి గుడ్డ పైకి జరిపి చూపించారు. అక్కడ రెండు వేళ్ళ వెడల్పున జుట్టే లేదు. వయసులో ఉండగా ఏళ్ళ తరబడి బిగించి కట్టిన ఫలితం, కుదుళ్ళే చచ్చిపోయాయి. అల్లినప్పుడు నొప్పి పెడితే అప్పుడే విప్పించేయండి, మొహమాటపడకండి.

ఆ సెలూన్‌కి జుట్టు కొనడానికి వెళ్ళినప్పుడు ప్యాకెట్ల మీద ఇండియన్ హెయిర్ అని ఉంది. మనం కల్యాణకట్టలో సమర్పించే తలనీలాలను తిరుమల దేవస్థానం వేలం వేస్తుందని, అవి విగ్గులుగా దేశదేశాలకు వెళ్తాయని తెలుసు. ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను.

అక్కడివాళ్ళ అలవాట్లలో మంచిది కానిది రెండోది రిలాక్సర్, అంటే రింగులను సాపు చేసే మందు. అక్కడ ఎంతోమంది చిన్నప్పుడే మొదలుపెట్టారు, ఎందుకంటే మెత్తగా వంగే జుట్టే మంచి జుట్టు అని ఇంట్లో, బడిలో, ఆఫీసులో అందరూ అనేవారు. ఇప్పుడు మారుతోంది. మరో కరేబియన్ దీవి ట్రినిడాడ్‌లో 2023లో బడులకు కొత్త నియమావళి తెచ్చి జడలు, లాక్స్ (తాళ్ళలా పెనవేసుకున్న పాయలు), ఆఫ్రో (విప్పి గుండ్రంగా వదిలేసిన రింగుల జుట్టు) అన్నిటినీ అనుమతించారు. ఆ రిలాక్సర్ మందుల్లో చాలావాటిలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే కాస్టిక్ సోడా, దాంతో మాడు కాలే ప్రమాదం ఉంది. అమెరికాలో 33 వేలకు పైగా ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, జుట్టు సాపు చేసే మందులను ఏడాదికి నాలుగు సార్లకు మించి వాడినవాళ్ళలో గర్భాశయ క్యాన్సర్ రెట్టింపుకు పైగా కనిపించింది. ఇది చదివాక, మన ఊళ్ళలో పెళ్ళికి ముందు అమ్మాయిల రింగులను స్ట్రెయిటెనింగ్ చేయించడం చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. డొమినికన్ రిపబ్లిక్ సెలూన్లలో మందు లేకుండా రోలర్లు, డ్రయ్యర్ వేడితో సాపు చేస్తారు. అది కొంత నయమే, కానీ వారం వారం అంత వేడి పెడితే రింగు తిరిగి రాదు.

మన దగ్గర మార్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మన వెంట్రుక వాళ్ళదానికన్నా వదులు రింగు, జిడ్డు కాస్త ఎక్కువ, దుమ్ము మరీ ఎక్కువ. పది రోజులు తల కడగకుండా ఉంచితే చుండ్రు పట్టే అవకాశం ఎక్కువ. నేను వారానికి రెండు సార్లు కడుగుతాను, వాటిలో ఒకసారే పూర్తి పద్ధతి. కుంకుడు రసం వాడితే ఆ తర్వాత కండిషనర్ తప్పదు, లేకపోతే రింగులు బిరుసెక్కుతాయి. దిండుకు శాటిన్ గలీబు కుట్టించాను, పాత చీర లైనింగ్ గుడ్డ సరిపోయింది. మూడు నెలలకోసారి చీలిన కొసలు అంగుళం లోపు కత్తిరిస్తాను. చీలిక పైకి పాకితే పోయేది అంతకన్నా ఎక్కువ.

ఒకటి మాత్రం చూసుకోండి. దువ్వెనలోవి ముక్కలు కాకుండా బొడిపెలతో ఊడిన వెంట్రుకలైతే, రోజుకు వందకు మించి పోతుంటే, పాపిడి వెడల్పవుతుంటే నూనెలతో కాలయాపన చేయకండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్ష చేయించుకుని చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. కాన్పయిన మూడు నాలుగు నెలలకు ఊడేది మటుకు చాలామందికి దానంతట అదే తగ్గుతుంది.

వంటాముదం కావాలంటే ఆముదాలు పండే వైపు చుట్టాలెవరైనా ఉంటే అడగండి, లేదా గానుగ నూనెలు అమ్మేచోట వంటాముదం అనే పేరుతోనే అడగండి. ముదురు రంగు, పొగ వాసన ఉండాలి. మొదట చెవి వెనుక ఒక చుక్క రాసి, రోజంతా దురద రాకపోతేనే తలకు వాడండి. వచ్చేటప్పుడు ఓనరమ్మ నాకు రమ్ము సీసాలో పోసి ఇచ్చిన నూనె రెండేళ్ళ కిందటే అయిపోయింది. ఇప్పుడు అదే సీసాలో మా మేనత్త కాచి పంపిన నల్గొండ ఆముదం ఉంది. మా పాప జుట్టు ఈ మధ్యే నడుము అందుకుంది.