టర్బో మార్చేముందు ఆ గొట్టాలు ఒకసారి తడిమి చూడరా అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో రాత్రి నాలుగుసార్లు చూశాను, అన్నం చల్లారిపోతోందని మీ అత్త అరిచేదాకా. మారేడుమిల్లి ఘాట్‌లో మూడో గేరుకి బండి లాగనంటోంది, వెనక నల్లపొగ, రేస్ ఇస్తే సన్నగా సుయ్‌మని శబ్దం. అదే బండి ఇంటి ముందు ఐడిల్‌లో, అంటే కదలకుండా ఇంజిను ఊరికే తిరుగుతుంటే, మాత్రం పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు బుద్ధిగా ఉంది. టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్లోకి తోసే చక్రం) పోయింది, మార్చాల్సిందేనని ఎవరో అన్నారట, నువ్వు డబ్బులు సర్దుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆగు. రంపచోడవరం షెడ్డులో ఇన్నేళ్ళు కూర్చున్నవాడిగా చెప్తున్నా, పోయిన టర్బోలకంటే ఊడిన క్లాంపులే (గొట్టాలు బిగించే పట్టీలు) నేను ఎక్కువ చూశాను.

ముందు ఒక గందరగోళం తీసేస్తాను. మన దగ్గర 'గాలి పట్టింది' అంటే డీజిల్ లైన్లోకి గాలి దూరిందని. అది వేరే జబ్బు, అందులో బండి స్టార్ట్ అవ్వడానికే ఏడిపిస్తుంది, నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. నీ బండికి అది కాదు. నీ బండికి డీజిల్ బాగానే అందుతోంది, గాలే అందడం లేదు. నల్లపొగ అంటే అదే, పూర్తిగా కాలని డీజిలు. నీలిపొగ వస్తే ఇంజినాయిలు కాలుతోందని అర్థం, అప్పుడు వేరే మాట. నీ ఇంజిను రెండున్నర లీటర్లు, రెండు చుట్లకి ఒకసారి గుండె నిండా పీలుస్తుంది, 3000 ఆర్‌పీఎమ్‌లో లెక్క కట్టు, టర్బో సంగతి పక్కన పెట్టినా నిమిషానికి 3,750 లీటర్ల గాలి, మేడమీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులు దాదాపు నాలుగన్నమాట. ఇంత గాలి పోయే దారిలో వేలుదూరే కంత ఉంటే ఏమవుతుందో నువ్వే ఊహించుకో.

ఆ దారి రెండు ముక్కలు. ఫిల్టర్ నుంచి టర్బో దాకా పీల్చే దారి, టర్బో నుంచి ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లబరిచేది) మీదుగా మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) దాకా తోసే దారి. నీది తోసే దారిలో ఉన్న జబ్బని నా అనుమానం. ఐడిల్‌లో టర్బో పెద్దగా ఒత్తిడి పుట్టించదు కాబట్టి గొట్టం చీలినా ఏమీ తెలియదు, ఘాట్‌లో లోడు పడి ఒత్తిడి పెరిగినప్పుడే ఆ చీలిక నోరు తెరుస్తుంది. అందుకే ఇంటి ముందు నిలబెట్టి బానెట్ ఎత్తి చూసి 'అంతా బాగానే ఉంది' అనేవాడి మాట నమ్మకు.

బండి చల్లబడ్డాక ఇంటర్‌కూలర్ గొట్టాలు ఒక్కొక్కటీ పట్టుకుని చేత్తో మెలిపెట్టు, ముఖ్యంగా కంటికి కనిపించని కింది వైపు. ఆ గొట్టాల లోపల పల్చగా ఆయిలు జిడ్డు ఉండడం మామూలే, ఇంజిను బ్రీదర్ (లోపలి ఆవిరి వదిలే గొట్టం) నుంచి ఆ ఆయిలావిరి వస్తుంది, దానికి భయపడకు. కానీ ఎక్కడ లీకవుతుందో అక్కడ ఆ జిడ్డు బయటికి కక్కుతుంది, దానిమీద మన ఏజెన్సీ ఎర్రదుమ్ము పట్టి, తడిసి ఆరిన కాఫీపొడిలా ఒక మచ్చ కడుతుంది. సగం కేసుల్లో ఆ మచ్చే దొంగని పట్టిస్తుంది.

మచ్చ కనబడకపోతే గాలి కొట్టి చూడాలి. టర్బో మూతికి వచ్చే గొట్టం ఊడదీసి, ఆ సైజుకి సరిపోయే పీవీసీ మూతకి కంత పెట్టి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి, క్లాంపుతో కట్టి, బ్రీదర్ పైపు ఆ వైపు కలిసే చోట మూసేసి (లేకపోతే గాలంతా ఇంజిను కింది డబ్బా, క్రాంక్‌కేసులోకి పోయి సీళ్ళు తన్నేస్తాయి) మెల్లగా ఒత్తిడి ఐదు పీఎస్ఐ, మహా అయితే ఎనిమిది. అంతకు మించి వద్దు. మూతికి ఎదురుగా నీ మొహం పెట్టకు, అది ఊడితే తుపాకీ గుండే. సర్ఫు నీళ్ళు చల్లుకుంటూ పో, బుడగలొచ్చిన చోటే నీ టర్బో ఖర్చు దాక్కుంది. వాల్వులు తెరిచి ఉన్న సిలిండర్‌లోంచి కొంచెం గాలి సైలెన్సర్‌లోకి పోతుంది, ఆ చప్పుడు విని కంగారు పడకు.

ఇంకొకటి, టర్బో దగ్గర సన్నగా వేలంత లావు కూడా లేని రబ్బరు గొట్టం ఉంటుంది, టర్బో అదుపంతా ఆ గొట్టం మీదే. ఎలకలకి అదంటే మహా ఇష్టం. షెడ్డులో వారం రోజులు నిలబెట్టిన బండి అయితే మొదట చూసేది దాన్నే.

ఇప్పుడు అసలు సంగతి. తోసే దారిలో లీకు మంచిది రా, అరుస్తుంది, పొగ కక్కుతుంది, నిన్ను షెడ్డుకి తెస్తుంది. పీల్చే దారిలో లీకు అరవదు. ఫిల్టర్ దాటాక, టర్బోకి ముందు ఒక చిన్న చీలిక ఉందనుకో, బండి ఇంకా హుషారుగా ఉంటుంది, గాలి సులువుగా దొరుకుతోంది కదా, కాకపోతే ఆ గాలిలో దుమ్ము ఉంటుంది, అది ఇంజినుని లోపల్నుంచి అరగదీస్తుంది.

నా చేతుల మీదుగానే జరిగింది. క్వారీకి తిరిగే జీపొకటి, ఆయిలు తాగుతోందని తెచ్చారు. పిస్టన్ రింగులు మార్చాను. ఆరు నెలలు తిరక్కుండా మళ్ళీ ఆయిలు. రింగులు సరుకు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టి మళ్ళీ మార్చాను. మూడోసారి తెచ్చినప్పుడు ఎందుకో ఫిల్టర్ తర్వాతి గొట్టంలో వేలు పెట్టి తుడిచాను, వేలికి సన్నటి ఎర్రటి గరుకు, పళ్ళ మధ్య పెడితే కరకర. క్లాంపు కింద, సరిగ్గా పట్టీ కప్పేసిన చోట, బ్లేడుతో గీసినట్టు చీలిక. మొదటిసారి ఇంజిను దించినప్పుడు ఆ గొట్టం బిగించింది నేనే. ఆ ఓనరు దగ్గర డబ్బు తీసుకోలేదు, కానీ ఆ జీపుకి అరిగిన సిలిండర్లు బోరు కొట్టించక తప్పలేదు. అప్పట్నుంచి ఏ డీజిల్ బండి వచ్చినా బానెట్ ఎత్తగానే ముందు ఆ గొట్టం లోపల తెల్లగుడ్డ తిప్పుతాను. గుడ్డకి దుమ్ము అంటిందా, మిగతా మాటలన్నీ తర్వాతే.

నువ్వు పోయినేడు స్నార్కెల్ (గాలి పైనుంచి పీల్చే పొడవాటి గొట్టం) పెట్టించావు, దాన్నీ నమ్మకు. గొట్టం పైకి ఉన్నంత మాత్రాన గాలి అక్కణ్ణుంచే పీలుస్తోందని కాదు, కింద అతుకు వదులుగా ఉంటే వాగులో నీళ్ళు అక్కడే తాగుతుంది. ఐడిల్‌లో పెట్టి స్నార్కెల్ మూతి మీద దళసరి రబ్బరు మ్యాటు ముక్క అడ్డం పెట్టు, చెయ్యి గానీ గుడ్డ గానీ పెట్టకు, లాగేస్తుంది. రెండు మూడు సెకన్లలో ఇంజిను ఊపిరాడక ఆగిపోబోవాలి, వెంటనే మ్యాటు తీసెయ్యి. అలా కాక ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంటే, వేరే దారిలో పీలుస్తోందని. ఆ దారి దొరికేదాకా వాగు వైపు వెళ్ళొద్దు. వాగులో బండి ఆగిందా, సెల్ఫ్ కొట్టొద్దు, ఎవడు చెప్పినా కొట్టొద్దు. నీళ్ళు నలగవు, కనెక్టింగ్ రాడ్లే వంగుతాయి.

ఫిల్టర్‌కి బయటి నుంచి గాలి కొట్టే పని మానెయ్, దుమ్ము కాగితం లోపలికి దూరుతుంది. లోపల టార్చి పెట్టి చీకట్లో చూడు, వెలుతురు చుక్క కనిపిస్తే అవతల పారెయ్. ఫిల్టర్ డబ్బా అడుగున రబ్బరు ముక్కు ఉంటుంది, దుమ్ము రాలడానికి, అది ఊడిపోయిందేమో చూసుకో, చాలామందికి అది ఉందని కూడా తెలియదు.

బండి కంప్యూటర్ చదివే స్కానర్ ఉన్న కుర్రాడు దొరికితే మంచిదే, కానీ కోడ్ చదివి పార్టు మార్చేవాడు వద్దు. పీ0299 అనే కోడ్ వచ్చిందంటే టర్బో ఒత్తిడి తక్కువగా ఉందని మాత్రమే, టర్బో పోయిందని కాదు, చీలిన గొట్టానికీ అదే కోడ్ వస్తుంది. ఇంజిను ఆపి కీ మాత్రం ఆన్‌లో పెట్టి మానిఫోల్డ్ ప్రెషర్ ఎంత చూపిస్తోందో అడుగు. రాజమండ్రిలో 100 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలి, అరకు కొండమీదైతే 91 దగ్గర. ఊళ్ళో నిలబడిన బండి 70 చూపిస్తే అబద్ధం చెప్పేది సెన్సరే. ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్లోకి పంపేది) మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా ఇలాగే నల్లపొగ వస్తుంది, కానీ అందులో ఆ సుయ్ శబ్దం ఉండదు, అందుకే నేను గొట్టం వైపు మొగ్గుతున్నాను.

అన్నీ చూశాక కూడా టర్బోయే అంటే, గొట్టం తీసి వేళ్ళతో టర్బో లోపలి చక్రాన్ని ఊపి చూడు, ఇంజిను ఆపి, చల్లబడ్డాక. పక్కలకి వెంట్రుకవాసి ఆడితే ఫరవాలేదు, ముందుకీ వెనక్కీ ఆడినా, రెక్కలు గోడకి గీసుకున్నా అప్పుడు డబ్బు తియ్యి.

ఆ పీవీసీ మూత నా దగ్గర రెండు సైజుల్లో ఉంది, ఆదివారం పొద్దున్నే ఎండెక్కకముందు వచ్చెయ్. టైర్లకి గాలి కొట్టుకునే నీ చిన్న కంప్రెసర్ మర్చిపోకు, ఇక్కడిది చెడిపోయి నెలయింది.

మీ మావయ్య